తూచని తూకం

ఏటా ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ భూపాలపల్లి జిల్లా కాటారం మండలంలోని బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు నులిపురుగుల మందు వేస్తారు. ఆల్బెండజోల్, 400 మిల్లీగ్రాములు, నమిలి మింగే మాత్ర. రెండేళ్లు నిండినవాళ్లకు ఒకటి, ఏడాది నుంచి రెండేళ్ల లోపు పసివాళ్లకు సగం. అంగన్‌వాడీ టీచర్ గోళీని రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని సగానికి విరుస్తుంది, ఆ ముక్కను చెంచాలో నలిపి నీళ్లు కలిపి పట్టిస్తుంది. ఆమె దగ్గర త్రాసు లేదు. మండలంలోని ఆసుపత్రిలో మందులిచ్చే ఫార్మసిస్టు కూడా మాత్రను తూచి ఇవ్వడు. ఇద్దరి నమ్మకమూ ఒకటే: డబ్బా మీద 400 అని రాసి ఉంటే లోపల 400 ఉంటుంది.

మరి తయారైన చోట ఎవరైనా తూచారా? అక్కడా ఒక్కొక్క మాత్రనూ తూచరు. గంటకు లక్షకు పైగా మాత్రలు రాలిపడే ప్రెస్సు దగ్గర ఆ పని కుదరదు. నిర్ణీత వ్యవధికోసారి కొన్నిటిని తీసి తూస్తారు, లెక్క పుస్తకంలో రాస్తారు. మిగతా వేలకు వేలు తూకం చూడకుండానే డబ్బాల్లోకి వెళతాయి. అయినా వాటి బరువు గతి తప్పదు. ఎందుకంటే మాత్ర తయారీలో మందును తూకంతో పంచరు, కొలతతో పంచుతారు. ఆ కొలపాత్ర ఉక్కుతో చేసిన ఒక రంధ్రం, రెండు కడ్డీలు. వాటి కొలత తప్పితే మందు మోతాదు తప్పుతుంది. ఈ అధ్యాయం ఆ కడ్డీల గురించి, వాటిని మలిచే, కంప్యూటర్ అంకెలతో నడిచే సీఎన్‌సీ మిషన్ల గురించి.

రంధ్రం ఉన్న ఉక్కు బిళ్లను డై అంటారు. కడ్డీలను పంచ్‌లు అంటారు. ఒక పంచ్ కింద నుంచి, మరొకటి పై నుంచి డైలోకి దూరతాయి. రోటరీ ప్రెస్సులో గుండ్రంగా తిరిగే బల్ల అంచు వెంట ఇలాంటి జతలు వరుసగా ఉంటాయి. 27, 35, 45, పెద్దవాటిలో ఇంకా ఎక్కువ. బల్ల తిరుగుతుంటే కింది పంచ్ తన తలను క్యామ్ దారి మీద మోపి కిందికి జారుతుంది, డైలో ఖాళీ ఏర్పడుతుంది, అందులోకి పొడి దిగుతుంది. తర్వాత కింది పంచ్ కాస్త పైకి లేచి నిర్ణయించిన ఎత్తులో ఆగుతుంది. పైకి పొంగిన పొడిని ఒక పట్టీ గీకేస్తుంది. మిగిలిందే మోతాదు. అప్పుడు పై పంచ్ దిగుతుంది, రెండు రోలర్ల మధ్య పొడి నలిగి బిళ్ల అవుతుంది, కింది పంచ్ దాన్ని బయటికి నెడుతుంది. 45 జతల ప్రెస్సు నిమిషానికి 40 చుట్లు తిరిగితే నిమిషానికి 1,800 మాత్రలు, గంటకు 1,08,000. మొత్తం చుట్టుకు పట్టే కాలం ఒకటిన్నర సెకను. ఆ ఒకటిన్నర సెకనులోనే నింపడం, గీకడం, నొక్కడం, తోసెయ్యడం అన్నీ జరిగిపోతాయి.

ఇప్పుడొక చిన్న లెక్క. డై రంధ్రం అడ్డుకొలత 10 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం సుమారు 78.5 చదరపు మిల్లీమీటర్లు. వదులుగా పోసిన మందు పొడి ఘన మిల్లీమీటరుకు అర మిల్లీగ్రాము తూగితే, మొత్తం బరువు 400 మిల్లీగ్రాములుండే మాత్రకు డైలో పొడి దాదాపు 10 మిల్లీమీటర్ల లోతు నిండాలి. అంటే కింది పంచ్ మిల్లీమీటరులో పదో వంతు పొట్టిగా ఉంటే ఆ గుంట అంతే లోతవుతుంది, మాత్రలో 4 మిల్లీగ్రాములు ఎక్కువ పడతాయి. అది ఒక శాతం. పంచ్ తయారీలో అంతర్జాతీయంగా పాటించే ప్రమాణాలు పని పొడవులో అనుమతించే తేడా అంతకంటే చాలా చిన్నది: అటూ ఇటూ సుమారు 25 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. 25 మైక్రాన్ల తేడాకు మన మాత్రలో మారేది ఒక్క మిల్లీగ్రాము.

ఇంత పట్టింపు అవసరమా అని అడగవచ్చు. 250 మిల్లీగ్రాములకు మించిన మాత్రల బరువు సగటుకు 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చని భారత ఔషధ ప్రమాణ గ్రంథమే ఒప్పుకుంటుంది. నిజమే. కానీ ఆ 5 శాతం సడలింపు పొడి కోసం పెట్టినది. పొడి ఒకరోజు జారినట్టు మరోరోజు జారదు. గాలిలో తేమ పెరిగితే గడ్డ కడుతుంది. ప్రెస్సు వేగం పెంచితే గుంట నిండకముందే బల్ల ముందుకు జరిగిపోతుంది. సన్న రేణువులు, ముతక రేణువులు వేరుపడితే తొట్టి అడుగున ఒక సాంద్రత, పైన ఇంకో సాంద్రత. ఇవన్నీ మనిషి పూర్తిగా అదుపు చెయ్యలేనివి. అందుకని వాటికి ఇచ్చిన జాగాలోంచి లోహం వాటా అడగకూడదు. పంచ్ చేసేవాడి పని లోహం వల్ల వచ్చే తప్పును లెక్కలోకి రానంత చిన్నది చెయ్యడం.

దీనికి ఇంకో కోణం ఉంది, ఇదే నాకు ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. ఇప్పటి ప్రెస్సులు ఒక్కో మాత్రను నొక్కేటప్పుడు పడిన బలాన్ని కొలుస్తాయి. బలం తక్కువగా కనిపిస్తే పొడి తక్కువ పడిందని, ఎక్కువగా కనిపిస్తే ఎక్కువ పడిందని తేల్చి ఆ మాత్రను పక్కకు నెట్టేస్తాయి. కంప్యూటర్ తెర మీద 45 గీతలు వరుసగా కనిపిస్తాయి. చూస్తే ప్రతి మాత్రనూ తూచినట్టే ఉంటుంది. కానీ అది తూకం కాదు, బలాన్ని బట్టి కట్టే అంచనా. పంచ్‌లన్నీ ఒకే పొడవు ఉన్నాయని ముందే ఒప్పుకుంటేనే ఆ అంచనా నిలుస్తుంది. ఒక జత పంచ్‌లు కాస్త పొడుగ్గా ఉంటే, అందులో పొడి సరిగ్గానే పడినా బలం ఎక్కువ చూపిస్తుంది, మంచి మాత్ర చెత్త డబ్బాలో పడుతుంది. ఒక జత అరిగి పొట్టిదైతే, అందులో పొడి ఎక్కువ పడినా బలం మామూలుగానే కనిపించవచ్చు. కంప్యూటర్ చూపు ఎంత పదునైనా దాని కొలబద్ద ఆ ఉక్కు కడ్డీయే.

పొడిని రెండు ఉక్కు ముక్కల మధ్య నొక్కి మాత్ర చెయ్యడానికి 1843లో ఇంగ్లండులో పేటెంటు పొందినవాడు విలియం బ్రాకెడన్. ఆయన వైద్యుడు కాదు, చిత్రకారుడు. పెన్సిళ్లకు పనికొచ్చే మంచి గ్రాఫైటు రాళ్లు అరుదైపోతుంటే, రాలిన గ్రాఫైటు పొడినే గట్టిగా నొక్కి ముద్ద చెయ్యాలని చూశాడు. అదే పద్ధతి మందులకూ పనికొస్తుందని పేటెంటులో రాసుకున్నాడు. అప్పటిదాకా మందుల దుకాణంలో గుళికలు చేత్తో చుట్టేవాళ్లు. ఆ మొదటి డై, పంచ్ నుంచి ఇప్పటి రోటరీ ప్రెస్సు దాకా సూత్రం మారలేదు. మారింది కచ్చితత్వం.

పంచ్ చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. జానెడు కంటే తక్కువ పొడవున్న ఉక్కు కడ్డీ: సుమారు 133 మిల్లీమీటర్లు. పొట్ట భాగం మందం ఒక రకంలో 19 మిల్లీమీటర్లు, పెద్ద మాత్రలకు వాడే ఇంకో రకంలో 25.4. ఒక కొన గుండ్రని తల, క్యామ్ మీద, రోలర్ల కింద నడిచేది అదే. రెండో కొన సన్నబడి మాత్ర ఆకారంలో ముగుస్తుంది. ఆ కొన మీదే మాత్ర ముఖం ఉంటుంది: గుంట, నడిమి గీత, అక్షరాలు. ప్రతి మాత్రకూ అది రెండు టన్నుల దాకా బరువు మొయ్యాల్సి వస్తుంది, గంటకు 2,400 సార్లు. అందుకే మామూలు ఇనుము పనికిరాదు. దెబ్బలకు పగలని టూల్ స్టీలు ఒకటి, ఎక్కువ కర్బనం, ఎక్కువ క్రోమియం ఉండి అరుగుదలను తట్టుకునేది ఇంకొకటి, తుప్పు పట్టించే ఉప్పు మందులకు స్టెయిన్‌లెస్ రకం మరొకటి. ఒకదాంట్లో గట్టిదనం పెరిగితే పెళుసుదనమూ పెరుగుతుంది. ఏ మందుకు ఏ ఉక్కు అన్నది అనుభవంతో తేలే నిర్ణయం.

కడ్డీని కోసి, సీఎన్‌సీ లేత్ మీద తల, మెడ, పొట్ట తిప్పుతారు. తర్వాత కొలిమిలో కాల్చి గట్టిపరుస్తారు. ఇప్పుడు ఎక్కువగా గాలి తీసేసిన వాక్యూమ్ కొలిముల్లో. కాల్చినప్పుడు ఉక్కు కొద్దిగా ఉబ్బుతుంది, వంకర పోతుంది. అందుకని గట్టిపరిచాక గ్రైండింగు రాయి మీద చివరి కొలతకు దించుతారు. కట్టర్‌తో చెక్కే సీఎన్‌సీ మిషన్, అంటే మెషినింగ్ సెంటర్, ఒక్కటే పంచ్‌ను తయారు చేస్తుందనుకుంటే పొరపాటు. లేత్, కొలిమి, గ్రైండర్, పాలిష్ చేసే చెయ్యి, అన్నిటికీ వాటా ఉంది. అయితే మాత్ర ముఖాన్ని చెక్కే పని, గుండ్రం కాని ఆకారాలను మలిచే పని మాత్రం మెషినింగ్ సెంటర్‌ది. అక్కడే ఈ విద్య రుచి తెలుస్తుంది.

మాత్ర మీద లోతుగా కనిపించే అక్షరం పంచ్ మీద ఎత్తుగా ఉండాలి, పైగా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి. కాబట్టి చెక్కేవాడు అక్షరాన్ని చెక్కడు, అక్షరం చుట్టూ ఉన్న ఉక్కునంతా తీసేస్తాడు. చివరికి మిగిలిందే అక్షరం. పాత పద్ధతిలో ఒక మాస్టర్ ముక్క మీద అక్షరాన్ని చేత్తో చెక్కి, దాన్ని గట్టిపరిచి, ఇంకా మెత్తగా ఉన్న పంచ్ కొనలోకి ప్రెస్సుతో దించి ముద్ర వేసేవారు. హాబింగ్ అనే ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. ఇంకో దారి, రాగి ఎలక్ట్రోడు మీద ముఖాన్ని మలిచి, విద్యుత్ రవ్వలతో ఉక్కును కరిగించడం. మెషినింగ్ సెంటర్ వచ్చాక కంప్యూటర్‌లో గీసిన ముఖాన్ని నేరుగా ఉక్కు మీదే చెక్కవచ్చు. మాస్టర్ అరగడమన్న బాధ లేదు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ అదే పంచ్ కావాలంటే అదే ప్రోగ్రామ్.

చెక్కే కట్టర్ ఎంత సన్నమో చూడండి. అక్షరాల సందుల్లోకి దూరాలంటే కట్టర్ కొన మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండకూడదు. కట్టర్ అంచు ఉక్కును సరిగ్గా కోయాలంటే నిమిషానికి సుమారు 30 మీటర్ల వేగంతో కదలాలనుకుందాం. 10 మిల్లీమీటర్ల కట్టర్ ఆ వేగాన్ని నిమిషానికి 955 చుట్లతో అందుకుంటుంది. 0.3 మిల్లీమీటర్ల కట్టర్‌కు అదే వేగం రావాలంటే దాదాపు 32,000 చుట్లు తిరగాలి. అందుకే ఈ పనికి వాడే మిషన్ల స్పిండిల్ మామూలు మెషినింగ్ సెంటర్ల కంటే ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది. ఒక్కో విడతలో తీసే ఉక్కు కొద్ది మైక్రాన్లే. కట్టర్ కాస్త వణికినా విరిగిపోతుంది, విరిగిన శబ్దం కూడా వినిపించదు.

అక్షరం ఏ ఆకారంలో ఉండాలన్నది కూడా అలంకారం కాదు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఏ, బీ, పీ, ఆర్, అంకెల్లో 6, 8, 9, వీటన్నిటిలో చుట్టూ మూసుకుపోయిన చిన్న గది ఉంటుంది. నొక్కిన పొడి ఆ గదిలో ఇరుక్కుని పంచ్‌కే అంటుకుంటుంది, మాత్ర మీద అక్షరం మధ్యలో తొర్ర పడుతుంది. ఒక మాత్రకు అంటుకున్నది తర్వాతి మాత్రను ఇంకాస్త లాగుతుంది. దీన్ని తప్పించడానికి ఆ గది లోతును ముందే తగ్గిస్తారు. అక్షరం గోడలను నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా చెక్కుతారు, మూలలను గుండ్రం చేస్తారు. పైన రంగు పూత వేసే మాత్రలైతే అక్షరాన్ని ఇంకొంచెం వెడల్పు చెయ్యాలి, లేకపోతే పూత గుంటను పూడ్చేస్తుంది.

ఈ అక్షరాలు ఎందుకంటే, మింగబోయే మాత్ర ఏదో కవరు లేకపోయినా గుర్తుపట్టాలని. అమెరికాలో అమ్మే మాత్రలు, మందు గొట్టాల (క్యాప్సూల్స్) మీద గుర్తింపు ముద్ర ఉండాలన్న నిబంధన 1995 నుంచి అమల్లో ఉంది. జడ్చర్లలో, బాచుపల్లిలో ఆ దేశానికి చేసే మాత్రలన్నిటి మీదా అలాంటి ముద్ర ఉంటుంది. ప్రతి మందుకు, ప్రతి మోతాదుకు వేరే ముద్ర, అంటే వేరే పంచ్‌ల సెట్టు. కంపెనీ జాబితాలో వందల మందులుంటే వందల సెట్లు. ఇన్ని రకాలు, ఒక్కో రకంలో తక్కువ సంఖ్య. మెషినింగ్ సెంటర్ అసలు బలం ఇదే: ప్రోగ్రామ్ మార్చితే పని మారుతుంది.

నడిమి గీత సంగతి వేరే చెప్పాలి. పంచ్ మీద అది ఒక గట్టు. గట్టు మరీ పొట్టిదైతే మాత్ర ఎక్కడ పడితే అక్కడ విరుగుతుంది. మరీ ఎత్తైతే మాత్ర డబ్బాలోనే రెండు ముక్కలవుతుంది. గట్టు కొన ఎంత పదునుగా ఉంటే అంత నేరుగా విరుగుతుంది, కానీ అంత త్వరగా అరుగుతుంది కూడా. పంచ్ ముఖం మీద అన్నిటికంటే ఎత్తైన భాగం అదే గనక పొడి రాపిడి ముందు దాని మీదే పడుతుంది. ఐరోపా ఔషధ ప్రమాణ గ్రంథం దీనికి ఒక పరీక్ష పెట్టింది. 30 మాత్రలను చేత్తో విరిచి, ఒక్కో మాత్ర నుంచి ఒక్కో సగాన్ని తీసి తూస్తారు. సగటుకు 85 నుంచి 115 శాతం మధ్యలో లేని ముక్క ఒక్కటి కంటే ఎక్కువ ఉండకూడదు. 75 నుంచి 125 శాతం దాటిన ముక్క ఒక్కటీ ఉండకూడదు. సగం మాత్ర కొనేంత స్తోమతే ఉన్నవాళ్లు, సగం మాత్రే పట్టే చంటిపిల్లలు మన దగ్గర లక్షల్లో ఉన్నారు. మన ఊళ్లకు పంపే మాత్రల మీద గీత ఎంత లోతు ఉందన్నది నా దృష్టిలో ఎగుమతి మాత్ర మీద అక్షరం కంటే పెద్ద విషయం.

మెషినింగ్ సెంటర్‌కు పుట్టుక మందుల్లో లేదు, యుద్ధ విమానాల్లో ఉంది. హెలికాప్టర్ రెక్కల వంపులను సరిగ్గా మలచలేక జాన్ పార్సన్స్ అనే అమెరికన్ మిల్లింగ్ మిషన్‌ను అంకెలతో నడిపించాలని ఆలోచించాడు. అమెరికా వాయుసేన డబ్బుతో ఎంఐటీ వాళ్లు 1952లో అలాంటి మిషన్‌ను నడిపి చూపించారు. రంధ్రాల కాగితపు పట్టీ చెప్పినట్టు కట్టర్ మూడు దిక్కుల్లో కదిలింది. 1958లో కియర్నీ అండ్ ట్రెకర్ అనే అమెరికా కంపెనీ టూల్స్‌ను తనంతట తానే మార్చుకునే మిషన్ తెచ్చింది. మిల్లింగ్, డ్రిల్లింగ్, బోరింగ్ ఒకే చోట జరగడంతో దానికి మెషినింగ్ సెంటర్ అన్న పేరు నిలిచింది. పట్టీ పోయి కంప్యూటర్ వచ్చాక సీఎన్‌సీ అయింది. ఇప్పుడు బెంగళూరు, రాజ్‌కోట్, కోయంబత్తూరులో తయారైన మిషన్లు జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో నడుస్తున్నాయి.

మిషన్ మైక్రాన్లలో కదలగలదు, కానీ ఉక్కుకు ఎండ తగులుతుంది. మన నేలలో ఈ శత్రువును తక్కువగా అంచనా వెయ్యకూడదు. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. 133 మిల్లీమీటర్ల పంచ్ డిగ్రీకి ఒకటిన్నర మైక్రాన్ పెరుగుతుంది. ప్రపంచమంతటా కొలతలకు ప్రమాణంగా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో మంథని, కాటారం, భూపాలపల్లి వైపు ఎండ 45 డిగ్రీలకు పోతుంది. రేకుల షెడ్డులో ఆ వేడికి 25 డిగ్రీల తేడాలో పంచ్ పొడవు 38 మైక్రాన్లు మారుతుంది. అనుమతించిన 25 మైక్రాన్ల కంటే ఎక్కువ. మిషన్ తప్పు చెయ్యలేదు, మనిషి తప్పు చెయ్యలేదు, పంచ్ మాత్రం కొలత తప్పింది.

దీనికి విరుగుడు రెండు రకాలు. గదిని చల్లగా ఒకే తీరులో ఉంచడం ఒకటి. కొలిచే గేజీ, కొలవబడే పంచ్ రెండూ ఉక్కువే గనక రెండింటినీ ఒకే బల్ల మీద చాలాసేపు ఉంచి ఒకే వేడికి వచ్చాక కొలవడం రెండోది. రెండూ కలిసి పెరుగుతాయి కనుక తప్పు చాలామటుకు ఎగిరిపోతుంది. మిషన్ మీది నుంచి అప్పుడే దిగిన జాబ్‌ను చేత్తో పట్టుకుని కొలవకూడదని సీనియర్ సెట్టర్లు కొత్తవాళ్లకు పదేపదే చెప్పేది ఇందుకే. అరచేతి వేడి కూడా మైక్రాన్లలో కనిపిస్తుంది. మిషన్ స్పిండిల్ కూడా వేడెక్కి కొద్దిగా సాగుతుంది. పొద్దున్నే స్విచ్ వేసి మొదటి పంచ్ చెక్కితే అది మధ్యాహ్నం పంచ్‌తో కలవదు. అందుకే ముందు కాసేపు ఖాళీగా తిప్పి వేడెక్కనిస్తారు.

ఆపరేటర్ చేసే పనిని బటన్ నొక్కడమని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. 45 పంచ్‌ల సెట్టులో మొదటిది చెక్కిన కట్టర్, నలభై ఐదోదాని దగ్గరికి వచ్చేసరికి అరిగి ఉంటుంది. తెర మీద అంకెలు అవే, ప్రోగ్రామ్ అదే, కానీ గట్టు పక్కన ఉక్కు పూర్తిగా తెగదు. ఎన్నో పంచ్ తర్వాత కట్టర్ మార్చాలి, మార్చాక కొత్త కట్టర్ పొడవును ఆఫ్‌సెట్‌లో ఎంత అని ఎక్కించాలి, సున్నా పక్కన సున్నా ఒకటి తక్కువైతే ఏమవుతుంది, ఇవన్నీ అతని తలలో ఉండాలి. కూలెంట్ వాసన మారితే, రజను రంగు మారితే, శబ్దం కాస్త గరగరలాడితే అతనికే ముందు తెలుస్తుంది. కొలిచిన అంకెను కొలిచినట్టే రాసేవాడు కావాలి. ఒక పంచ్ హద్దు దాటిందని ఒప్పుకుని పక్కన పెట్టేవాడు కావాలి. ఆ ఒక్క పంచ్ సెట్టులో కలిసిపోతే, అది గంటకు 2,400 తప్పు మాత్రలు చేస్తుంది. వాటిని మింగేవాళ్లు ఎవరో అతనికి ఎప్పటికీ తెలియదు.

ఈ రెండు పరిశ్రమలు, మందులూ టూల్సూ, హైదరాబాద్‌లో ఒకే వాడలో పెరిగాయన్న సంగతి చాలామంది గమనించలేదు. 1943లోనే ఇక్కడ ప్రాగా టూల్స్ మొదలైంది. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్, సోవియట్ సాయంతో బాలానగర్ దగ్గర సింథటిక్ మందుల కర్మాగారం కట్టింది. అదే బాలానగర్‌లో 1968లో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పెట్టింది. యంత్రాలు చేసే హెచ్‌ఎంటీ కూడా ఆ దశాబ్దంలోనే నగరానికి వచ్చింది. ఐడీపీఎల్ మందు తయారీ రహస్యాలు తెలిసిన ఒక తరాన్ని తయారు చేసింది. 1969 నుంచి 1975 దాకా అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఐడీపీఎల్ మాత్రం 1992లో ఖాయిలా జాబితాలోకి ఎక్కింది. ఆ టూల్ డిజైన్ సంస్థలో చదివినవాళ్లు, హెచ్‌ఎంటీలో చెయ్యి తిరిగినవాళ్లు బాలానగర్ చుట్టూ చిన్న చిన్న షెడ్లు పెట్టారు. 1970లో అక్కడే మొదలైన ఎంటీఏఆర్ అణు విద్యుత్ కేంద్రాలకూ ఇస్రో రాకెట్లకూ విడిభాగాలు చేసే స్థాయికి వెళ్లింది. మందుల వాళ్ల పేర్లు ఊరూరా తెలుసు. మైక్రాన్ పట్టిన చేతుల పేర్లు ఎవరికీ తెలియవు. మాత్రల ప్రెస్సుల తయారీలో ఇవాళ దేశంలో అహ్మదాబాద్‌ది పెద్ద చెయ్యి. ఇన్ని కోట్ల మాత్రలు కొట్టే నగరానికి ఆ పేరు దక్కకపోవడం నాకు బాధగానే ఉంటుంది. మందూ ఉక్కూ రెండూ తెలిసిన నేల ఇది.

పంచ్‌లే కాదు, మందుల కంపెనీలకు సీఎన్‌సీ మీద చేసి ఇచ్చేవి ఇంకా చాలా ఉన్నాయి. మాత్రల షీటులో గుంటలు వేసే అల్యూమినియం అచ్చులు, గొట్టాల్లోకి పొడి కొలిచే డిస్కులు, ఇంజెక్షన్ సీసాల్లోకి మందు నింపే నాజిళ్లు, పంపుల పిస్టన్లు. ద్రవం తగిలే భాగాలకు 316ఎల్ అనే స్టెయిన్‌లెస్ ఉక్కు వాడతారు. కర్బనం 0.03 శాతానికి మించదు, మాలిబ్డినం 2 నుంచి 3 శాతం ఉంటుంది, అందుకే ఉప్పు నీటికి అంత తేలిగ్గా గుంటలు పడదు. అక్కడ కొలతతో పాటు నునుపు ముఖ్యం. కట్టర్ గీరలు మిగిలితే ఆ సందుల్లో పాత మందు దాక్కుంటుంది, సూక్ష్మజీవులు దాక్కుంటాయి, ఎంత కడిగినా పోవు.

ఇంత చెప్పాక ఒక హద్దు కూడా చెప్పాలి. పంచ్ ఎంత కచ్చితమైనదైనా అది కొలిచేది పొడిని, మందును కాదు. 2024లో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు పట్టుకున్న నకిలీ మాత్రల్లో సుద్దపొడి, పిండి తప్ప మందే లేదని తేలింది. ఆ మాత్రల బరువు సరిగ్గానే ఉండి ఉంటుంది. మంచి పంచ్ దొంగ చేతిలో పడితే దొంగ మాత్రకు అసలు ముఖం వస్తుంది. అందుకే అమెరికా ఔషధ చట్టం నకిలీ ముద్రలకు పనికొచ్చే పంచ్, డై చెయ్యడాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని కూడా పేరు పెట్టి నేరమంది. మంచి కంపెనీల్లో ప్రతి పంచ్‌కూ నంబరు ఉంటుంది, తాళం వేసిన అలమరా ఉంటుంది, ఎన్ని మాత్రలు కొట్టిందో రాసే పుస్తకం ఉంటుంది. అరిగిన పంచ్‌ను తుక్కులో పారెయ్యరు. ముఖం చెరిపేసి, చెరిపినట్టు సంతకం పెట్టి, అప్పుడు వదులుతారు.

కాటారం దాకా ఈ విద్య ఎలా రావాలన్నది మిగిలిన ప్రశ్న. భూపాలపల్లి జిల్లాలో సింగరేణి గనులున్నాయి, చెల్పూరులో థర్మల్ కేంద్రం ఉంది, ఇనుముతో పని చేసే చేతులకు కొదవ లేదు. ఐటీఐ చదివిన పిల్లలు జీడిమెట్ల, పటాన్‌చెరు బస్సెక్కుతూనే ఉన్నారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది, సీఎన్‌సీ మిషన్లు వాటిలో ముఖ్యమైన భాగం. మిషన్లు కొంటే సరిపోదని పంచ్ కథ చెబుతోంది. మిషన్ పక్కన చల్లని కొలత గది ఉండాలి. అందులో స్లిప్ గేజీలు, మైక్రాన్ చూపే డయల్, తుడిచే మెత్తని గుడ్డ ఉండాలి. పిల్లలు ఒకే ముక్కను పది సార్లు కొలిచి పది అంకెలు రాసి, అవి ఎందుకు కలవలేదో టీచర్‌ను అడగాలి. ప్రోగ్రామ్ నేర్పడానికి తర్వాత ఏడాదంతా ఉంది. మైక్రోమీటర్ పట్టడం మాత్రం మొదటి వారంలోనే మొదలుపెట్టాలి.